కాఫీ తాగిన ఇంటి ముందు

సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు. మామ తాళం వదిలేసి స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి కాసేపు ఊరుకున్నాడు. మళ్లీ తిప్పాడు. గుర్ర్... గుర్ర్... ప్రతిసారీ ఆ చప్పుడు ఇంకాస్త నీరసపడుతోంది. సాగనంపడానికి వాకిట్లోకి వచ్చిన వాళ్లు ఏం చేయాలో తోచక అలాగే నిలబడిపోయారు. ఊరు శిడ్లఘట్ట, పొద్దు పదకొండు దాటింది, చైత్రమాసపు ఎండ. పట్టుగూళ్ల మార్కెట్టు వైపు నుంచి వస్తున్న ఇద్దరు కుర్రాళ్లు ఎవరూ పిలవకుండానే బండి వెనక చేతులు వేశారు.

"తోయద్దప్పా. దీని సంగతి నాకు తెలుసు," అంటూ మామ దిగాడు.

డిక్కీలోంచి పాత పంచె గుడ్డ తీశాడు. చెంబుడు నీళ్లు తెప్పించి, గుడ్డ ముంచి, బానెట్ ఎత్తి, ఇంజిన్ పక్కనున్న పెట్రోలు పంపుకు కప్పాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. ఆ ఆవిరిని చూస్తేనే మామకు ధైర్యం. ఇరవై నిమిషాలు నీడలో నిలబడ్డాం. ఇంకో గుక్క కాఫీ తాగమని ఇంటివాళ్లు బలవంతం చేశారు. తర్వాత తాళం తిప్పితే బండి ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

"చూశారా? ఆవిరి పట్టేసింది, అంతే," అన్నాడు మామ.

ఇది ఇరవయ్యేళ్ల పైనాటి మాట. చిక్కబళ్ళాపురం ఇంకా కోలారు జిల్లాలోనే ఉండేది. జిల్లాగా విడిపోయింది 2007లో. ఇప్పుడు 44 అంటున్న జాతీయ రహదారిని అప్పుడు 7వ నంబరు రోడ్డు అనేవాళ్లు. మామ చింతామణిలో శనక్కాయల మండీలో లెక్కలు రాసేవాడు. ఆయన పెద్దకూతురి పెళ్లికి పత్రికలు పంచడానికి బయల్దేరాం. బండి ప్రీమియర్ పద్మిని. 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ పక్కనే గేరు కర్ర. ముందు సీట్లో మామ, నేను. వెనక అత్త, ఆమె పక్కన పసుపు రాసిన పత్రికల సంచీ. నేను అప్పుడే పీయూసీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. నా పని ఇంటింటి దగ్గరా బండికి కాపలా కాయడం. మా వాళ్లు పేర్లు వద్దన్నారు కాబట్టి అందరినీ వరసలతోనే చెబుతున్నాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

మామ చెప్పిన ఆవిరి మాట ఒట్టి నమ్మకం కాదు. పెట్రోలు నీళ్లలాగా ఒకే వేడి దగ్గర మరగదు. అందులోని తేలిక భాగాలు 35, 40 డిగ్రీలకే ఆవిరి కావడం మొదలవుతుంది. బరువైనవి 200 డిగ్రీల దాకా నిలుస్తాయి. బండి పరుగులో ఉన్నంతసేపు రేడియేటర్ నీళ్లు, ఫ్యాను, ఎదురుగాలి మూడూ కలిసి వేడిని లాగేస్తుంటాయి. ఆపగానే మూడూ ఆగిపోతాయి. ఇనుప దిమ్మలో నిండి ఉన్న వేడి మాత్రం ఎక్కడికీ పోలేక బానెట్ కిందే పరుచుకుంటుంది. అందుకే ఆపిన పావుగంటకు పంపు, పైపులు, కార్బురేటర్ పరుగులో ఉన్నప్పటి కన్నా ఎక్కువ కాలుతుంటాయి. పైపులో పెట్రోలుకు బదులు బుడగలు నిండితే పంపు ఎంత కొట్టుకున్నా లాగలేదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. అంబాసిడర్లు, పద్మినులు నడిపిన తరంలో తడిగుడ్డ లేని డిక్కీ ఉండేది కాదు.

ఇదే వేడి ఇంకో తీరుగా కూడా పీడిస్తుంది. కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు పొంగి గొంతులోకి కారిపోతుంది. అప్పుడు ఇంజిన్‌కు పెట్రోలు తక్కువ కాదు, ఎక్కువవుతుంది. బానెట్ ఎత్తగానే గుప్పున వాసన కొడుతుంది. చోక్ జోలికి పోకుండా, యాక్సిలరేటర్ను పంపు కొట్టినట్టు కొట్టకుండా, నిలువునా అదిమిపెట్టి సెల్ఫ్ కొడితే ఎక్కువైన పెట్రోలు బయటికి పోయి స్టార్టవుతుంది. ఒకటి పెట్రోలు అందక వచ్చే జబ్బు, ఇంకొకటి ఎక్కువై వచ్చే జబ్బు. రెంటికీ ఒకే మందు వేస్తే నయం కాదు. మామ బండికి మాత్రం రెండేళ్లుగా ఒకటే మందు, తడిగుడ్డ. ఈలోగా పంపు మార్చారు. కార్బురేటర్ రెండుసార్లు విప్పి కడిగారు. డబ్బు పోయింది, జబ్బు పోలేదు.

చిక్కబళ్ళాపురంలో మా చిన్నత్త ఇంట్లో భోజనం. గంటన్నర కూర్చున్నాం. బయల్దేరేటప్పుడు నాకు గుండెలు దడదడలాడాయి కానీ బండి మొదటి తిప్పుకే లేచింది. ముద్దేనహళ్ళి పక్కనే అని మామ చెయ్యి చాపి నంది కొండ వైపు చూపించాడు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరది. వాళ్ల పూర్వీకులది ఆంధ్రలోని మోక్షగుండం. దేశంలోనే కార్లు తయారు కావాలని 1930లలో పట్టుబట్టిన మనిషి ఆయన. యూరప్, అమెరికా వెళ్లి ఫ్యాక్టరీలు చూసి వచ్చి పథకం రాశారు. వాల్‌చంద్ హీరాచంద్ ఆ పని తలకెత్తుకున్నారు. మైసూరు సంస్థానం చేయి అందించబోతే పైనున్న ఇంగ్లీషు ప్రభుత్వం అడ్డుపడింది. చివరికి 1944లో వాల్‌చంద్ బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. తర్వాత ఇటలీ ఫియట్ నమూనా మీద అక్కడ తయారైన కార్లకే 1974 నుంచి పద్మిని అని పేరు. "ఈ బండికి పుట్టిల్లు బొంబాయి అయితే తాతగారి ఊరు ఇదిరా," అనేవాడు మామ. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఎప్పుడూ ఒక గర్వం. బండి దారిలో నిలిచిపోయిన ప్రతిసారీ ఆయన అంతగా ఎందుకు చిన్నబోయేవాడో నాకు ఆ మాటలోనే తెలిసేది.

పేరేసంద్రలో వియ్యపు వారి దూరపు చుట్టాలున్నారు. కాఫీ తాగి పదిహేను నిమిషాల్లో బయటికొచ్చారు. బండి కదల్లేదు. మళ్లీ గుడ్డ, మళ్లీ చెంబు. ఈసారి అరగంట పట్టింది.

ఆ అరగంటలో వేపచెట్టు కింద కూర్చున్న అత్త ఉన్నట్టుండి ఒక మాట అంది.

"ఏమండి, అన్నం తిన్న ఇంటికాడ బండి లేస్తా ఉంది. కాఫీ తాగిన ఇంటికాడే నిలిచిపోతా ఉంది. చూసినారా?"

మామ నవ్వేశాడు. అత్త నవ్వలేదు. వేళ్లు మడుస్తూ లెక్క చెప్పింది. పొద్దున్నే కైవారంలో యోగి తాతయ్య సన్నిధిలో మొదటి పత్రిక పెట్టాం, అందరమూ దిగి లోపలికెళ్లాం, బండి లేచింది. శిడ్లఘట్టలో మొదటి ఇంట్లో కాఫీ, నిలిచింది. రెండో ఇంట్లోనూ కాఫీయే, అక్కడ మాత్రం లేచింది. చిక్కబళ్ళాపురంలో అన్నం, లేచింది. ఇక్కడ కాఫీ, నిలిచింది. మెకానిక్కులు ఇద్దరు ముగ్గురు చూసిన బండి గురించి ఇంత సరైన మాట అప్పటిదాకా ఎవరూ చెప్పలేదని ఇవాళ నేను గట్టిగా చెప్పగలను.

బాగేపల్లి చేరేసరికి నాలుగైంది. కర్ణాటకలోనే ఉన్నా, బోర్డులన్నీ కన్నడమే అయినా, బజారులో వినబడేదంతా తెలుగే. రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు. డెబ్బై ఏళ్ల మేస్త్రి. మామ బానెట్ ఎత్తబోతే ఆయన చేత్తో ఆపాడు.

"బానెట్ తర్వాత ఎత్తుదాము సామీ. ముందు చెప్పండి. ఎబుడెబుడు నిలిచిపోతాది?"

మామ ఆవిరి సంగతి మొదలుపెట్టాడు. మేస్త్రి విన్నాడు. తర్వాత అత్త వైపు తిరిగి, "మీరేమన్నా చూసినారా అమ్మా?" అని అడిగాడు. అత్త వేళ్ల లెక్క మళ్లీ చెప్పింది. ఆయన కళ్లు చిన్నవి చేసుకుని, "రెండో కాఫీ ఇంటికాడ ఏంటికి లేచింది?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

"ఇబుడు బండి బాగుండాది. బాగుండే బండిని విప్పితే ఏం తెలుస్తాది? జబ్బు వచ్చినబుడే అడగాల. గడిదం దాకా పోయిరాండి. వచ్చి ఈడనే నిలపండి. చుట్టాలింటికాడ ఎవరెవరు ఏం చేస్తారో అట్లనే చేయండి. ఒక్కటీ మార్చొద్దు."

గడిదం వేంకటరమణస్వామి గుడి అక్కడికి దగ్గరే. వెళ్లి, అత్త బండిలోంచే దండం పెట్టుకోగానే తిప్పుకొచ్చాం. షెడ్డు ముందు ఆపాం. మామ, అత్త దిగి బెంచీ మీద కూర్చుంటే మేస్త్రి టీ తెప్పించాడు. నేను బండిలోనే ఉండిపోయాను, ఎప్పటిలాగే. ఎప్పటిలాగే టేపు పెట్టుకున్నాను. మేస్త్రి ఎదురుగా ఒక బోర్లించిన పెట్టె మీద కూర్చుని పావుగంట సేపు నన్నే చూస్తున్నాడు. నాకు సిగ్గేసింది.

పావుగంట అయ్యాక లేచి వచ్చి, "కొట్టండి సెల్ఫ్," అన్నాడు. గుర్ర్... గుర్ర్... అదే చప్పుడు. మేస్త్రి ముఖంలో తృప్తి. జబ్బు దొరికింది అన్నట్టు చేతులు తుడుచుకుని అప్పుడు బానెట్ ఎత్తాడు.

ముందు కార్బురేటర్ పైన ముక్కు పెట్టి వాసన చూశాడు. పెట్రోలు పొంగిన వాసన లేదు. తర్వాత కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే లావు తీగను డిస్ట్రిబ్యూటర్ వైపు ఊడదీశాడు. ఆయన డిస్ట్రిబ్యూటర్ అనడు, డెల్కో అంటాడు. ఆ తీగ కొసను రబ్బరు పిడి కటింగ్ ప్లయర్‌తో పట్టుకుని ఇంజిన్ ఇనుముకు పావు అంగుళం దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించాడు. అక్కడ నీలంగా, టక్కుటక్కుమని కరెంటు దూకాలి. పసుపు రంగులో, వెంట్రుకంత సన్నగా ఒకటి దూకింది. తర్వాతది దూకనే లేదు.

"పెట్రోలు కూడా చూస్తాం. ఒకటి దొరికిందని రెండోది వదిలిపెట్టకూడదు."

ముందు ఆ తీగను ఇనుముకు ఆనించి కట్టేశాడు. పెట్రోలు పైపు విప్పిన దగ్గర ఒక్క నిప్పురవ్వ కూడా ఎగరకూడదు. అప్పుడు కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టాడు. సెల్ఫ్ కొడితే చిక్కు చిక్కుమని సీసాలోకి పెట్రోలు నిండు ధారగా కొట్టింది, బుడగ లేదు. రెండేళ్లుగా మేం తడిగుడ్డ కప్పుతున్న పంపు నిక్షేపంలా ఉంది. సీసా దూరంగా పెట్టించి, పైపు బిగించి, మేస్త్రి నన్ను పిలిచాడు.

"చెయ్యి పెట్టి చూడు నాయనా."

గ్లాసంత పొడవున్న నల్లటి డబ్బా. కాయిల్. వేళ్లు ఆనించి వెంటనే లాగేసుకున్నాను. పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలింది.

షెడ్డులోంచి ఇంకో కాయిల్ తెచ్చాడు. బిగించలేదు. తీగలు దానికి మార్చి, చేత్తో పట్టుకుని వేలాడదీసి, "కొట్టండి" అన్నాడు. ఇంజిన్ చల్లారలేదు. పంపు మీద చుక్క నీరు పడలేదు. సగం తిప్పుకే బండి లేచింది. అత్త లేచి నిలబడింది. మేస్త్రి ఇంజిన్ ఆపించి మళ్లీ పాత కాయిల్‌కు తీగలు మార్చాడు. గుర్ర్... గుర్ర్... లేవలేదు. మళ్లీ కొత్తది, లేచింది. మామ ఒక్క మాట మాట్లాడలేదు. తడిగుడ్డకు అన్నిసార్లు బండి లేచింది గుడ్డ చలవ వల్ల కాదు, ఆ ఇరవై నిమిషాల్లో కాయిల్ దానంతటది చల్లబడడం వల్ల అని ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

కాయిల్ లోపల రెండు చుట్లుంటాయి. లావు తీగ చుట్టు కొన్ని వందలు, వెంట్రుకంత సన్నని తీగ చుట్టు వేలకు వేలు. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు మూసుకున్నప్పుడు లావు చుట్టులో బ్యాటరీ కరెంటు పారుతుంది. పాయింట్లు ఠక్కున విడిపోగానే సన్నచుట్టులో ఇరవై వేల వోల్టుల దాకా పుట్టి ప్లగ్గు దగ్గర దూకుతుంది. తీగకూ తీగకూ మధ్య పలచని లక్క లాంటి పూత ఉంటుంది. మళ్లీ మళ్లీ కాలితే ఆ పూత చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో పని జరుగుతుంది. వేడెక్కితే లోలోపలే కరెంటు అడ్డదారి పట్టి, ప్లగ్గు దాకా చేరదు. ఈ ఏర్పాటును 1910 ప్రాంతంలో కార్లకు పట్టుకొచ్చినవాడు అమెరికాలో చార్లెస్ కెటరింగ్, ఆయన సంస్థ పేరు డెల్కో. బాగేపల్లి రేకుల షెడ్డులో ముసలి మేస్త్రి నోట ఆ పేరు ఇంకా బతికే ఉంది.

"సరే, పోయింది. పోయిందెందుకు?" అని మామ అడిగాడు. ఆయనది లెక్కలు రాసే బుర్ర, కారణం తేలందే ఊరుకోదు.

మేస్త్రి డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం ఒక్క గీత తిప్పాడు. డాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. నా పాట మొదలైంది. తాళం తీశాడు. పాట ఆగింది.

"ఈ టేపు తీగను తాళం తిప్పితేనే కరెంటు వచ్చేట్టు కాయిల్ తీగకు కలిపినారు. టేపు పాడాలంటే తాళం వేసి పెట్టాల. ఇంజిన్ నిలిచినా కాయిల్‌కు కరెంటు పోతానే ఉంటాది. నీళ్లు లేని కుండను పొయ్యి మీద పెట్టినట్ట సామీ."

లెక్క వేస్తే అది నిజమే. 12 వోల్టుల బ్యాటరీ, సుమారు 3 ఓములు అడ్డుపడే చుట్టు. పాయింట్లు మూసుకుని ఉంటే 4 ఆంపియర్లు, అంటే 48 వాట్ల వేడి, ఆగకుండా, గుప్పెడు డబ్బాలోకి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడైతే పాయింట్లు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి, గాలీ తగులుతుంది. ఆగిన ఇంజిన్‌లో రెండూ ఉండవు. శిడ్లఘట్టలో రెండో కాఫీ ఇంటి సంగతీ అక్కడే తేలిపోయింది. ఇంజిన్ ఆగిన క్షణంలో పాయింట్లు విడిపోయి ఉంటే టేపు ఎంతసేపు పాడినా కాయిల్‌కు ఏమీ కాదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో అవి సగం కన్నా ఎక్కువసేపు మూసుకునే ఉంటాయి కాబట్టి ఎక్కువసార్లు మొరాయించింది, కొన్నిసార్లు వదిలిపెట్టింది. అన్నం తిన్న ఇంట్లో, కైవారంలో, నేనూ దిగి లోపలికి వెళ్లాను. తాళం మామ జేబులో ఉంది.

నాకు ఏడుపొచ్చింది. రెండేళ్లుగా మామ ఎండలో గుడ్డ పట్టుకుని నిలబడింది నా పాటల వల్ల. మేస్త్రి నా ముఖం చూశాడు. "తప్పు నీది కాదు నాయనా. తీగ ఇట్ల కలిపినోడిది. ఎర్రదీపం ఎందుకు ఎలుగుతాదో నీకు ఎవరన్నా చెప్పినారా?" ఎవరూ చెప్పలేదు. ఆ దీపాన్ని చూస్తూనే నేను ఎన్ని పాటలు విన్నానో.

ఆయన కొత్త కాయిల్ బిగించి, దాంతోపాటు కండెన్సర్, పాయింట్లు మార్చాడు. టేపుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి వేరే తీగ లాగాడు. పని అయ్యాక చేతులు తుడుచుకోవడానికి గుడ్డ అడిగాడు. మామ డిక్కీలోంచి ఆ పంచె గుడ్డే తీసిచ్చాడు.

తర్వాతి కాలంలో నేను చాలా పాత బండ్ల దగ్గర ఆ సాయంత్రాన్ని గుర్తు చేసుకున్నాను. ఇంజెక్షన్ కార్లొచ్చాక పెట్రోలు పంపు ట్యాంకులోకి పోయింది, పెట్రోలు ఒత్తిడి మీద ఉంటుంది, ఆవిరి బాధ చాలా తగ్గింది. కానీ వేడి మీద మొరాయించే బండ్లు పోలేదు. ఇంజిన్ తిరుగుతున్న లెక్క చెప్పే క్రాంక్ సెన్సర్ చాలా బండ్లలో సన్నతీగ చుట్టే. పాతబడితే వేడెక్కినప్పుడు తెగుతుంది, చల్లారితే కలుస్తుంది. వర్క్‌షాపుకు తోలుకెళ్లేసరికి చల్లారిపోయి, ఏ దోషమూ లేదని తిరిగొస్తుంది. అప్పుడు కూడా అడగాల్సినవి అవే: ఎంతసేపు ఆపారు, సెల్ఫ్ తిరుగుతోందా లేదా, పెట్రోలు వాసన ఉందా లేదా, ప్లగ్గుకు కరెంటు వస్తోందా. ఇంకా పద్మిని, అంబాసిడర్ ఉంచుకున్న వాళ్లకు ఇప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఆనాటి రబ్బరు పైపులు, పంపు లోపలి డయాఫ్రమ్ దానికోసం చేసినవి కావు. ఏడాదికొకసారైనా వాటిని చేత్తో పట్టి చూసుకోవాలి. మెత్తబడినా, పగిలినా మార్చాలి.

ఆ రోజు ఇంకా రెండు ఇళ్లు మిగిలాయి. దీపాలు పెట్టే వేళకు బాగేపల్లి పాత బజారులో మొదటి ఇంటి ముందు ఆపాం. లోపలి నుంచి కాఫీ డికాషన్ వాసన వస్తోంది. మామ ఇంజిన్ ఆపాడో లేదో, అత్త వెనక సీట్లోంచి ముందుకు వంగి, చెయ్యి చాపి, తాళం లాగేసి కొంగున ముడి వేసుకుంది.

"ఏం చూస్తావురా, దిగు," అంది నాతో. "కుంకుమ భరిణె పట్టుకో."